గోడ దాకా

కావలి పాతూరులో పదడుగుల గది మాది.
మంచం మీంచి గోడ దాకా ఆరడుగులు.
ఏడు నెలలు నా చూపుకి
అంతకు మించి పని పడలా.

కాలిలో కడ్డీ ఏసి
"కదలొద్దు దస్తగిరీ" అన్నాడు డాక్టరు.
కదల్లా.
కదిలిందల్లా బొటనేలు ఒకటే,
సెల్లు అద్దం మీద కిందికీ పైకీ, కిందికీ పైకీ.
ఎవురో వండతా ఉంటారు, ఎవురో ఎగరతా ఉంటారు,
ఎవురో ఘాటురోడ్డు మీద బండి తోలతా ఉంటే
నేను పొణుకోని
బాగున్న కాలితో బ్రేకు తొక్కతా ఉంటా.

ముందు ఎట్టుండేవాణ్ణి!
పద్దెనిమిదేళ్లు హైవే మీదే,
గూడూరు నిమ్మకాయల లోడు.
టంగుటూరు టోలుగేటు దీపాలు
మైలు ముందే లెక్కబెట్టేవాణ్ణి.
ఎదర వచ్చే బండి డ్రైవరు
కునుకు తీస్తా ఉండాడో, కూతురితో మాట్లాడతా ఉండాడో
లైట్ల ఊపు చూసి చెప్పేవాణ్ణి.
తెల్లారుజామున మూడింటికి సింగరాయకొండ కాడ టీ.
ఇంట్లో ఉన్నా మూడింటికే మెలకువ.

ఆ మెలకువ మొదటి నెల్లోనే చచ్చిపోయింది.
తర్వాత ఆకలి దారి తప్పింది.
పగలు రెండింటికి పళ్లు తోముకున్నా,
రాత్రి రెండింటికి అన్నం అడిగినా.
కిటికీకి రహమతు పాతచీర కట్టింది.
ఎండ పడతాదని కట్టిందనుకున్నారు అందరూ.
సెల్లులో బొమ్మ తేటగా కనపళ్లేదని
నేనే కట్టమన్నా.
ఇప్పుడు చెప్పుకోను సిగ్గుగా ఉంది.

కర్ర పట్టుకోని గడప దాటిన రోజు
ఎండ చెంప మీద కొట్టింది.
"ఏందన్నా, ఏడస్తా ఉండావు?" అనింది
కొళాయి కాడ పెంచలమ్మ.
ఏడుపు కాదు మే, వెలుతురు.

వీధి చివర ఎవురో చెయ్యి ఊపినారు.
మర్యాదకి నేనూ ఊపినా.
దగ్గరికొస్తే నా క్లీనరు రవణయ్య.
పదేళ్లు నా పక్కన కూసున్నోడు.

ట్రంకురోడ్డు అద్దాల అంగట్లో
గోడ మీద అక్షరాలు చదవమన్నారు.
మళ్లా గోడే!
నాలుగో వరస కాడ ఆగిపోయినా.
"ముప్పావు నంబరు" అన్నాడు ఆ పిల్లోడు.
గదిలో ఉండి వచ్చిందా నాయనా అంటే
"ఉండొచ్చు. ముందునించే ఉందేమో కూడా.
రోడ్డుని బట్టీ పట్టుంటావు పెద్దాయనా" అని
నవ్వతా బిల్లు రాశాడు.

నలభై ఏడుకే పెద్దాయన్ని చేసినందుకు కాదు,
ఆ బట్టీ మాటకి
మూడు రాత్రులు నిద్ర పట్టలా.
నేను చూసింది టంగుటూరు దీపాల్నా,
ఆడ దీపాలుంటాయన్న ఎరుకనా?

సెల్లు రహమతు కొంగులో ముడేసుకుంది.
పొద్దుగూకులా బైపాసు దాకా నడస్తా ఉండా.
ముందు బడ్డీకొట్టు దాకా,
ఆనక రొయ్యల మేత గోడౌను దాకా,
ఇప్పుడు కల్వర్టు దాకా.
దాని మీద కూసోని పడమట చూస్తా.
తేటగా ఉన్న రోజు ఉదయగిరి కొండ కనపడతాదంట.
నాకు మబ్బో కొండో తేలదు.
అయినా కాసేపు చూస్తా.
కంటికి అంత దూరం పొయ్యొచ్చేది
మళ్లా అలవాటు కావాల గదా.

నిన్న ఒక లోడు బండి.
నంబరు కనపళ్లేదు, రంగు కనపళ్లేదు.
మూడో గేరు కాడ చిన్న దగ్గు.
నా బండే.
ఇంకెవురో తోలతా ఉండాడు.
జేబులో అద్దాలు తీసి పెట్టుకునేలోపల
దుమ్ము నా మీద పోసి దాటిపోయింది.
వెనక తలుపు మీద నేను రాయించిన మాట:
"మెల్లగా పో, ఇల్లు యాడికీ పోదు."
చదివినానో,
గుర్తు తెచ్చుకున్నానో.

రేపు
నేనెరగని బండి కోసం
కూసోవాల.