తొడిమ

సలోమీ, నా దగ్గరికి రాకు.
పొద్దుట్నుంచీ కోల్డ్ స్టోరేజీలో
మిరపకాయల తొడిమలు తీసిన చేతులివి.
మూడుసార్లు సబ్బు రుద్దినా
గోళ్ళ సందుల్లో ఘాటు పోలా.
నీ పన్ను నేను పట్టుకున్నానంటే
నీ ఏడుపు చుట్టుగుంట సెంటర్ దాకా ఇనపడుద్ది.

నువ్వే ఊపుకో. నాలికతో.
అట్టా... ముందుకీ, వెనక్కీ.
వారం నుంచీ నీకదే పనిగా!

"ఎందుకూడుద్దమ్మా? నేనేం తప్పు చేశా?"

తప్పేందే పిచ్చిమొహమా.
మీ బడికొచ్చిన పళ్ళ డాక్టరమ్మ చెప్తంటే
గుమ్మం బయట నిలబడి నేనూ విన్నా.
ఎముక పెరుగుద్దంట, పన్ను పెరగదంట.
మొలిచిన కొలతకాడే ఆగిపోద్దంట.
పోయినేడు కొన్న చెప్పులు చూడు,
నీ కాళ్ళు ఆగినయ్యా వాటికోసం?
దవడా అంతే.

నువ్వింకా 'అమ్మా' అనకముందే
చిగుళ్ళ కింద చోటు చూసుకుని
కూర్చునుందంట పెద్దపన్ను.
ఇప్పుడు కాస్త కాస్త పైకి జరుగుతా
పాతదాని వేరు కరిగిస్తా వస్తందంట.

ఈ ముక్క మాత్రం నాకు బాగా తెలిసింది.
పచ్చికాయకి తొడిమ లాగితే కాయ చినిగిద్ది.
పండి, ఎండి, తనే పట్టు వదిలితే
రెండేళ్ళు చాలు.
మీ నాన్న నిన్న తలుపుకి దారం కడతానంటే
అందుకే వద్దన్నా.

ఇంకోటి విను.
లోపల, చివర్న, ఎవర్నీ తొయ్యకుండా
ఖాళీ చోట ఒక దంతం వచ్చిద్దంట, నీ ఈడుకే.
పాలపన్నేలే, పుచ్చితే మళ్ళీ మొలుచుద్దిలే
అనుకుంటారంట అందరూ.
మా అమ్మా అట్టాగే అనుకుంది.
పదకొండో ఏట పెద్దాసుపత్రిలో పీకించింది.
ఆ గుంటలోకి ఇప్పటికీ నా నాలిక పోద్ది,
శనివారం కూలి లెక్క తేడా వచ్చినప్పుడు
మరీను.
ఒళ్ళు రెండోసారి ఇచ్చిద్ది సలోమీ,
మూడోసారి అడిగితే—

ఊడిందా!
ఏదీ, నీ అరచేతిలోనే పెట్టి చూపించు.
"దీని వేరేదమ్మా?"
చెప్పాగా, కొత్తది తినేసింది.

పేడలో చుట్టి పాకమీదికి విసిరేది మా అమ్మ.
ఇక్కడ పేడా లేదు, పాకా లేదు.
నువ్వు విసిరావు.
రేకుల మీద టకటకా దొర్లి
ముంగిట్లో ఆరబోసిన తాలుకాయల్లో పడింది.

ఇద్దరం వంగి వెతుకుతున్నాం.
చిట్లిన కాయల్లోంచి గింజలు,
అన్నీ పళ్ళలాగానే ఉన్నయ్.
దొరకలేదని బెంగ లేదు నీకు,
కొత్త సందులోంచి గాలి వదుల్తా
పక్కింటోళ్ళకి నీ పేరు చెప్తన్నావు:
"థలోమి."