ఇరవై అయిదు సెకన్లు

ఏటుకూరు రోడ్డులో కారం మిల్లు.
గేటు దాటకముందే ముక్కు లొంగిపోయింది.
తడి తువ్వాలు మూతికి చుట్టుకుని
డ్రైవు ప్యానెల్ ముందు గొంతుక్కూర్చున్నాను.
పొద్దుటినించీ మూడోసారి, అదే మాట ఎర్రక్షరాల్లో:
ఓవర్ కరెంట్.

"మోటారు దండగండీ, ఇంకో పెద్దది ఎక్కించండి"
అంటున్నారు పున్నారావు గారు.
నేమ్‌ప్లేటు మీది కారప్పొడి బొటనవేలితో తుడిచాను.
పదిహేను కిలోవాట్లు.
నిమిషానికి పద్నాలుగొందల అరవై చుట్లు.
తొమ్మిదివేల అయిదొందల యాభైని పదిహేనుతో హెచ్చవేసి
చుట్లతో భాగిస్తే తొంభై ఎనిమిది.
అదీ దాని భుజబలం.
మీటరు పొడవు గడ కొనన
పది కిలోల మూట వేలాడినంత.
ఇంతేనా అనిపిస్తుంది.
ఇంతే. కానీ సెకనుకి ఇరవై నాలుగుసార్లు.

కప్పీలు కొలిచాను.
మోటారుది పెద్దది, మిల్లుది అందులో సగం.
మోటారు ఒక చుట్టు తిరిగేలోగా
లోపల సుత్తుల రోటరు రెండు తిరిగేస్తుంది.
రెండింతల వేగం అడిగినవాడికి
బరువు రెండింతలై రాదు,
నాలుగింతలై వచ్చి ఇరుసు మీద కూర్చుంటుంది.
చక్రవడ్డీకి చుట్టం ఈ లెక్క.
మిర్చి యార్డులో నోటు రాసిచ్చిన రైతుకి
నేను విడమరచి చెప్పక్కర్లేదు.

రోటరు జడత్వం ఎంతో చెప్పే కాగితం లేదు.
చేసినవాడి షాపు బెజవాడ ఆటోనగర్లో
ఎప్పుడో ఎత్తేశారు.
కాయ వెయ్యకుండా, నాబు చేత్తో తిప్పుతూ
మెల్లమెల్లగా పూర్తి వేగానికి తెచ్చాను.
తెర మీద పన్నెండు న్యూటన్ మీటర్లు,
బేరింగులకీ గాలికీ కట్టే కప్పం.
సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది.

మంచిదే.
"లెక్కపెట్టు కాలేషా!"

చీకట్లో మిల్లు ఆగలేదు.
తోసేవాళ్ళెవరూ లేకపోయినా తిరుగుతోంది,
పుచ్చుకున్నదంతా తిరిగి ఇచ్చేదాకా
ఊరుకునేది లేదన్నట్టు.
కాలేషా స్క్రూడ్రైవరు కొనని బేరింగుకి ఆనించి
పిడి చెవికి పెట్టుకుని
పెదాలతో లెక్కపెడుతున్నాడు.
నలభై. డెబ్బై. నూటపది.
బెల్టు చప్పుడు పలచబడి
ఊపిరి చప్పుడంత అయింది.
నూట యాభై మూడు దగ్గర
ఒక సుత్తి వెనక్కి ఊగి, నిలబడిపోయింది.

టార్చి వెలుగులో
చుట్లని రేడియన్లలోకి మారిస్తే
అదీ నూట యాభై మూడే!
పైనొకటి, కిందొకటి, కొట్టేసుకుపోయాయి.
పన్నెండు మిగిలింది.
ఇరవై ఏళ్ళ పనిలో లెక్క నన్ను చూసి నవ్వడం
రెండోసారో, మూడోసారో.

ఈ పన్నెండుని అయిదు సెకన్లలో లేపమని
ఎవరో డ్రైవులో రాసిపోయారు.
అందుకు, ఒరిపిడి కాకుండానే,
మూడొందల అరవై ఏడు కావాలి.
ఉన్నది తొంభై ఎనిమిది.
మొయ్యలేనంటూ అది అరిచిన ప్రతిసారీ
మనం రీసెట్ నొక్కాం, తిట్టాం.

కరెంటొచ్చింది.
అయిదు పక్కకి రెండు తెచ్చి ఇరవై అయిదు చేశాను.
డెబ్బై మూడు, ఒరిపిడికి పన్నెండు. ఎనభై అయిదు. చాలు.
మిల్లు బాలింత లేచినట్టు లేచింది,
ఆనుకుని, నిదానంగా,
లేచాక ఇక ఎవరి మాటా వినకుండా.

"మొన్ననే చెప్పా సార్" అన్నాడు కాలేషా,
"తొయ్యకండి, లేవనివ్వండని."
నాకు రెండు పేజీలు పట్టింది.

పున్నారావు గారు కళ్ళజోడు సర్దుకున్నారు.
"సామానేం మార్చలేదుగా. ఒక్క అంకె.
దానికింత బిల్లా?"
జవాబు చెప్పబోయి తుమ్మాను.
తుమ్ముకి ర్యాంపు టైము లేదు.
మళ్ళీ తుమ్మాను.
బిల్లు మీద, మొత్తం పక్కన,
ఎర్రటి వేలిముద్ర.