వేసినవారు

"పని చేస్తారా, ఇంట్లో ఉంటారా?" అనడిగింది
సర్వేకొచ్చిన పిల్ల. ఒక చేతిలో ట్యాబు, ఒక చేతిలో చెప్పులు.
గట్టంతా బురద మరి.
ఇంట్లోనేనండి, అన్నాను.
అబద్ధం కాదు. ఇల్లు గట్టు మీదే ఉంది.
నాలుగు రేకులు, ఒక మంచం, నలభై మేత బస్తాలు.
బస్తాలు తడవకూడదు గనక గోడవారన వాటికి,
జల్లు కొట్టే వైపు మాకు.

గృహిణి, అని నొక్కింది.
ఎవరిదో మంచి పేరులా ఉంది.
టీ ఇద్దామంటే పాలు లేవు.

అల్లవరం అవతల ఈ ఐదెకరాల చెరువుకి
మమ్మల్ని జంటగా మాట్లాడారు.
జంటంటే ఇద్దరు. జీతమంటే ఒకటి.
అదీ ఆయన చేతికి, అడ్వాన్సు కోత పోను.
జత ఎడ్లకి రెండు కుడితి తొట్లు పెట్టేవారంట,
మా సూరన్న తాత చెప్పేవాడు.

తాత పాలేరు. ఉగాది నుంచి ఉగాదికి.
అప్పు మాత్రం ఏ ఉగాదికీ తీరేది కాదు,
వాళ్ళ నాన్న దినాలకి తెచ్చిన మూడు బస్తాల ధాన్యం
పుస్తకంలో పిల్లల్ని పెట్టింది.
ఒక్కసారి పారిపోయాడు.
రేవు దాటి యానాం వెళ్ళి, అణాకి జిలేబీ కొనుక్కుని
పొద్దుగూకేదాకా ఏటి ఒడ్డున కూచున్నాడు.
ఎవరూ పిలవని రోజు అదొక్కటేనే, అనేవాడు.
రాత్రికి తనే తిరిగొచ్చేశాడు.
ఎందుకొచ్చావు తాతా, అంటే
"గేదె ఈనాల్సుందే అమ్మా."

నవ్వేదాన్ని.
మొన్న రాజోలు మా చెల్లెలింట్లో
రెండు రాత్రుళ్ళు నిద్ర పట్టలేదు.
చెరువులో ఫ్యాన్లు తిరుగుతున్న చప్పుడు లేదు.
అప్పుడు నవ్వు రాలేదు.

ఆరింటికి మేత. పదింటికి మేత. రెండింటికి, మళ్ళీ ఆరింటికి.
ట్రే లేపి, రొయ్య పేగు నల్లగుందో తెల్లబడిందో
చూడాల్సింది నేనే. ఆయనకి చత్వారం.
మధ్యలో వంట, గిన్నెలు, ఆయన చొక్కాకి అంటిన నాచు.
ఏది ఆసామి పనో ఏది నా కాపురమో
ఎక్కడ విడదీయను? నీళ్ళలో ఉప్పులా ఉంది.

భాద్రపదంలో ఆయనకి జ్వరం,
అమలాపురం ఆసుపత్రిలో ఉన్నాడు.
రాత్రి రెండింటికి నాకు మెలకువొచ్చింది.
చప్పుడుకి కాదు. చప్పుడు ఆగిపోయినందుకు.
కరెంటు పోయింది. ఫ్యాన్లు నిలబడిపోయాయి.
టార్చి వేస్తే చెరువంచు పొడవునా
నిప్పురవ్వల్లా రొయ్య కళ్ళు, గాలి కోసం పైకొచ్చి.
వానలో జనరేటర్ హ్యాండిల్ తిప్పాను, తిప్పాను,
ఏడోసారికి వెనక్కి తన్ని మణికట్టు మీద కొట్టింది.
ఎనిమిదోసారికి అందుకుంది.
తెల్లారేదాకా దాని పక్కనే, డీజిల్ కంపులో,
ఒకరు చెప్పకుండా, ఒకరు చూడకుండా.

పొద్దున్నే కారులో వచ్చారు ఆసామి.
చెరువు చూశారు, దణ్ణం పెట్టారు.
"పోతురాజు లేకపోయినా దేవుడున్నాడు."
వాచిన చెయ్యి కొంగులో పెట్టుకున్నాను.
రెండు వేలు ఆయన ఫోనుకి పంపారు.

షెడ్డులో మేకుకి మేత చార్టు వేలాడుతుంది.
తేదీ, టైము, కిలోలు, చివరి గడిలో: వేసినవారు.
మూడు పంటల నుంచీ ఆ గడిలో
నా చేత్తో నేనే "పో" అని రాస్తున్నాను.
పో, పో, పో, పో. రోజుకి నాలుగు.
ఎవర్నో పొమ్మంటున్నట్టు.

నిన్న సాయంత్రం ఆరింటి మేత, పద్దెనిమిది కిలోలు.
చేతులు తుడుచుకుని పెన్సిలు తీసి
"వీ" అని రాశాను.
వీరవేణి అంతా పట్టదు, గడి చిన్నది.

ఇంకా ఎవరూ చూడలేదు.
పెన్సిలే కదా, చెరపొచ్చు.
రాత్రి రెండుసార్లు లేచి
ఫ్యాన్లు చూసి, చార్టు చూసి పడుకున్నాను.