రింగు

తూకం పాకలో మేకుకి వేలాడుతుంది
స్టీలు రింగు.
పాత రూపాయి బిళ్ళ కన్నా ఓ వెంట్రుక పెద్దది.
దాంట్లోంచి జారిపోయిన గుల్ల ఏట్లోకి.
జారనిది బస్తాలోకి.
చట్టమంటే ఇంతే,
మిగతాదంతా కాగితం.

ఆ కాగితం రాసేది నేను.
ఇంటర్ తప్పినదాన్ని. అయినా
భావనపాడు ఉప్పుటేటి ఒడ్డున
కూడికలు తప్పనిదాన్ని నేనొక్కదాన్నేనని
సంఘం నన్ను బల్ల ముందు కూర్చోబెట్టింది.

మొదట శాంతారాం సారు వచ్చాడు
మీటరు పొడుగు, మీటరు వెడల్పు ఇనప చట్రం పట్టుకుని.
పాటు వేళ బురదలోకి విసిరి
చట్రంలో ఉన్నవన్నీ ఏరి లెక్కపెట్టాడు.
మళ్ళీ విసిరాడు. ముప్పై చోట్ల విసిరాడు.
ముప్పై చదరాలతో ఏరంతా గుణించి
ఏడాదికి ఆరు వేల బస్తాలు తియ్యొచ్చన్నాడు.

సూరాడ గున్నమ్మ బురదలోంచి కాలు లాగి
మడమ చూపించింది.
"నా పెల్లయిన కొత్తలో ఈ ఏట్లో అడుగేత్తే
గుల్ల గుచ్చని సోటు లేదు బాబూ.
ఇప్పుడు పది అడుగులకో గుచ్చు.
నీ సట్రం ఎక్కడెక్కడ పడిందో గానీ
నా మడమ అంతటా పడింది."

సారు నవ్వలేదు. అది నాకు నచ్చింది.
ఆరు కొట్టేసి ఐదు వేశాడు.
సున్నపు బట్టీ కామందు ఏడన్నాడు.
టెక్కలి లారీ వాడు
తనకి బాకీ ఉన్నవాళ్ళ మొహాలు చూస్తూ
ఏమీ అనలేదు.
రెండు కుర్చీలు విరిగాక, చీకటి పడ్డాక,
నాలుగు వేల రెండొందల దగ్గర
అందరి కోపమూ సమానమైంది.
అరవై గడపలు. గడపకి డెబ్బై.
మా అత్తకి డెబ్బై,
మా అత్తతో మాటల్లేని ఎర్రన్న ఇంటికీ డెబ్బై.

గోడ మీద సుద్దతో రాశాను.
రోజూ సాయంత్రం తీసేయడమే నా పని.
నాలుగు వేల నూట డెబ్బై మూడు.
నాలుగు వేల నూట ముప్పై.
ఎక్కే లెక్క ఎవరికైనా బాగుంటుంది.
దిగే లెక్క రాసే దానికి
రాత్రుళ్ళు ఏరు ఎండినట్టు కలొస్తుంది.

ఓ పొద్దున అంకె చివర సున్నా ఒకటి మొలిచింది.
ఎవరు పెట్టారో చెప్పను. అతనికి ముగ్గురు పిల్లలు.
తడిగుడ్డతో తుడిచేశాను.

మూడో ఏడు తుఫాను.
కొండల నీళ్ళన్నీ దిగొచ్చి
పదకొండు రోజులు ఏట్లో ఉప్పన్నది లేదు.
గుల్లలు నోళ్ళు తెరిచి చచ్చాయి,
నౌపడ ఉప్పుమళ్ళ దాకా కంపు.
గోడ మీద ఇంకా రెండు వేల తొమ్మిదొందలున్నాయి.
తియ్యొచ్చంటోంది కాగితం.
ఏం తియ్యాలో దానికి తెలీదు.

ఆ రాత్రి పిలుపు లేకుండానే సంఘం కూడింది.
ఎర్రన్న లేచి
నా చేతిలోంచి సుద్దముక్క తీసుకుని
అంకె మొత్తం అరచేత్తో చెరిపి
సున్నా పెట్టాడు.
సంతకం తప్ప రాత రాని మనిషి.
సున్నా మాత్రం గుండ్రంగా కుదిరింది.

ఆ రెండేళ్ళూ ఎవరూ దిగలేదని అబద్ధం చెప్పను.
వెన్నెల లేని రాత్రుళ్ళున్నాయి.
కూర కోసమని మేమూ ఓ కుంచెడు తెచ్చుకున్నాం,
పెంకులు పెరట్లో పాతేశాం.

ఈ ఏడు మళ్ళీ తెరిచాం. వెయ్యి బస్తాలు.
మొదటి తట్ట గున్నమ్మది.
చూపు ఆనడం లేదామెకి, వేళ్ళతోనే కొలుస్తుంది.
జారింది. జారింది. ఆగింది. జారింది.
ఒకటి సగం దిగి ఇరుక్కుంది.
అటు పోదు, ఇటు రాదు.
రిజిస్టరులో ఉన్నవి రెండే గళ్ళు.
పెన్ను పట్టుకుని అడిగాను,
"పెద్దమ్మా, దీన్నేటని రాయను?"

గున్నమ్మ బొటనవేలు దాని మీద పెట్టి
నొక్కలేదు.
"ఒగ్గీ," అంది
నాతోనో, గుల్లతోనో.

బయట లారీ హారన్ కొడుతోంది.