కొలత

దేవరకొండ రోడ్డు మీద, మందుల దుకాణం పైన
మా డాక్టరు పండ్ల దవాఖాన.
నేను కొలతలు తీస్త, అచ్చులు పోస్త.
నల్లగొండ నోళ్ళు నాకు కొత్త గావు.
మా నీళ్ళు తాగి పెరిగిన పండ్లు
తుప్పు పట్టిన రేకు తీరుంటయి.

ఇయ్యాల చీటీ మీద పేరు చూసిన.
చంద్రకళ, ముప్పై తొమ్మిది.
ఊరు రాయలే. రాయకున్నా ఎరుకే.
నోరు తెరువుమన్న. తెరిసింది.
గా నోట్లకెల్లే వచ్చింది
మా పెద్దమ్మ పేరు.

అప్పుడు ఆమెకు పదమూడు, నాకు పది.
బోరింగు కాడికి కిలోమీటరున్నర,
పొద్దుకు ఎనిమిది బిందెలు, సవతి తల్లి లెక్క.
ఒకనాడు బిందె ఇడిసిపెట్టి కింద పడ్డది.
కండ్లు తేలేసింది, మొగగొంతుతోని మాట్లాడింది.
గంతే, పదకొండు రోజులు
బిందె ఆమె నెత్తి మీదికి ఎక్కలే.
తండ్రి మంచం పక్కన కూసున్నడు, బుద్దెరిగినంక మొదటిసారి.
మల్లేపల్లి కెల్లి సోడాలొచ్చినయి, బిస్కెట్లొచ్చినయి.
దుప్పటి కింద నాకు సగం పాకిట్ ఇచ్చి
నవ్వింది. "ఎవలకూ చెప్పకు."
నేను చెప్పలే.

నిమ్మకాయలు కోసుకుంట మంత్రగాడు అడిగిండు:
ఎవలు? చెప్పు, ఎవలు?
ఇక్కడనే నాకు గొంతు పడ్తది.
సర్పంచు పెండ్లాం పేరు చెప్పలే ఆమె.
ఆరుగురు కొడుకుల కొమురవ్వ పేరు చెప్పలే.
ముందా ఎనుకా ఎవలూ లేని ఈదమ్మ పేరు చెప్పింది.
రోజూ బోరింగు కాడ
ఆమె నెత్తికి బిందె ఎత్తిపెట్టే ఈదమ్మ పేరు.
పదమూడేండ్ల పిల్లకు
ఊరి గోడల ఏ ఇటుక వదులుందో ఎరుకైంది.
దాన్ని పిచ్చి అంటరా? నేననను.

పటకారు సైకిల్ దుకాణంది.
లాంతరు పట్టింది మా మేనమామ.
మంత్రం నోట్లె నిలువొద్దని
ముందరి పండ్లు, పైన నాలుగు, కింద మూడు.
ఆమె పీకలే ఒక్కటి గూడ. అరుగు మీద కూసొని చూసింది.
నేనూ చూసిన. నా గౌను జేబుల
బిస్కెట్ ముక్కలు చెమటకు మెత్తబడ్డయి.

అటెన్క పందొమ్మిదేండ్లు బతికింది పెద్దమ్మ.
గట్క మెదుపుకొని తాగేది.
తన పేర్ల ఉన్న 'ద' తనకే పలుకకపోయేది.
రేషన్ దుకాణంల పేరడిగితే కార్డు సూపెట్టేది.

ఒక యేడు కళాజాతోళ్ళు ఊర్లకొచ్చి నాటకం ఆడిండ్రు.
అందుల పిల్ల ఆఖరుకు ఏడ్చి తప్పు ఒప్పుకుంటది,
అందరూ చప్పట్లు కొడ్తరు.
మా చంద్రకళ ఒప్పుకోలే. ఎవలూ అడగనూ లేరు.
పన్నెండో దినం బిందె మళ్ళ నెత్తికెక్కింది.
దయ్యం పట్టిన పిల్లని అచ్చంపేట దిక్కు
రెండో పెండ్లోనికిచ్చిండ్రు.
మొగడు కట్టెతోని కొట్టిండని ఏడ్సుకుంట వస్తే
మళ్ళ నాటకం మొదలువెట్టిందన్నరు.
మా అమ్మ అన్నది. నేను పక్కనే ఉన్న.
ఆ పొద్దు నాకు సంబరమైంది, అబద్ధమెందుకు.

చిన్నది, దానికేం తెలుసంటరు కొందరు.
తెలిసే చేసింది, నేను సాక్ష్యం.
సాక్ష్యం పదేండ్లది,
నోటి నిండ బిస్కెట్ పెట్టుకున్నది.

నీలం ముద్ద కలిపి ఆమె నోట్లె పెట్టిన.
"రెండు నిమిషాలు కదలొద్దు, మాట్లాడొద్దు."
రెండు నిమిషాలల్ల ఏమైనా అడగొచ్చు నేను.
జవాబు రాదు గద.
గోడ మీద గడియారం దిక్కు చూసిన.
ఆమె నా దిక్కు చూస్తనే ఉన్నది.
కండ్లల్ల నీళ్ళొచ్చినయి.
ముద్ద పెడితే అందరికీ వస్తయి.

తీసిన. పుక్కిలియ్యమన్న.
గ్లాసుల నీళ్ళు నింపిన.
చేతికియ్యలే.
చెయ్యి అందేటంత దూరంల
బల్ల మీద పెట్టిన.