పొట్లం కాగితం

మిర్చి యార్డులో అందరికీ తుమ్ములొస్తాయి,
ఏసుపాదానికి మాత్రం విశేషాలొస్తాయి.

పొద్దున్నే చుట్టుగుంట దగ్గర పునుగులు కొంటాడు.
పునుగులు ముఠాకి, కాగితం తనకి.
నూనె పీల్చుకుని అద్దమైపోయిన ఆ ముక్కని
ఎండకెత్తి పట్టి చదువుతాడు,
వెనకవైపు అక్షరాలు ముందుకొచ్చి మీద పడుతుంటే
పేలు చూసినట్టు ఒక్కోటీ విడదీసుకుంటూ.

టిక్కీ కాటా మీద పడ్డాక
అంకె నిలబడేలోపు చెప్పెయ్యాలి.
అదీ ఆయన పద్ధతి.
"ఆక్టోపస్‌కి మూడు గుండెలు, తెలుసా?"
నలభై రెండు కిలోల మూడొందలు, రాసుకోండి.
"మూడెందుకంట, ఒకటి తాకట్టు పెట్టుకోడానికా?"
కొక్కెం భుజానికి తగిలించుకుంటూ నాగుల్‌మీరా.

ఇంకోరోజు శుక్రగ్రహం.
అక్కడ ఏడాది కన్నా రోజే పెద్దదట.
తన చుట్టూ తాను ఓసారి తిరిగేలోపు
సూర్యుడి చుట్టూ తిరిగొచ్చేస్తుందట.
ముఠా మొత్తం, వీపు మీద బస్తాలతో, ఆగిపోయింది.
"మరి అక్కడ రోజుకూలీ ఎంతిస్తారు?"
కాగితం సరిగ్గా అక్కడికే చిరిగిపోయింది.

నేను గుమాస్తాని. అంకె తప్ప ఇంకేదీ నమ్మను.
అయినా చిట్టాలో ఆఖరి పేజీ
ఎప్పుడు నిండిందో నాకే తెలీదు:
మూత సరిగ్గా పెడితే తేనె వేల ఏళ్లకీ పాడవదు.
అరటిపండు బెర్రీ జాతి, స్ట్రాబెర్రీ కాదు.
(దీని మీద సంతకం పెట్టమన్నాను. పెట్టాడు.)

గొడవైంది మాత్రం మిరపకాయ దగ్గరే.
"ఇది మనది కాదు.
ఐదొందల ఏళ్ల కిందట ఓడెక్కొచ్చింది.
అంతకు ముందు ఈ దేశంలో కారమంటే మిరియమే."
గుంటూరు నడిబొడ్డున,
మనిషెత్తు ఎర్రటి గుట్టల మధ్య నిలబడి అన్నాడా మాట!
ఒకడు తువ్వాలు దులిపాడు.
ఒకడు "మీ అమ్మ పెట్టిన పచ్చడి మీద ఒట్టెయ్" అన్నాడు.
మా షావుకారు కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని
"మా తాత..." అని మొదలుపెట్టి
ఐదొందల ఏళ్లలో తాత ఎక్కడ పడతాడో తేలక
అందరికీ టీ చెప్పాడు.

ఆ టీ వేళే
తొడిమలు తీసే ఆడవాళ్ల వైపు తిరిగి
దాచుకున్న ముక్క ఇంకోటి తీశాడు ఏసుపాదం.
"పక్షులకి మిరపకాయ మండదు.
చిలక ఎన్ని తిన్నా దానికి కారమే తెలీదు.
మండేది మనకే."

కోటిరత్నం తలెత్తలేదు.
"అవునయ్యా, మండేది మాకే" అంది.

మనకే. మాకే.
ఆ రెంటి మధ్య ఎంత దూరముందో కొలిచేసరికి
నా టీ చల్లారిపోయింది.

తర్వాత తనే చెప్పింది, కాయ మీంచి చెయ్యి తీయకుండానే.
నీళ్లతో కడిగితే మంట చంకదాకా పాకుద్ది.
కారం నీళ్లకి కరగదు, నూనెకి కరుగుద్ది.
ముందు నూనె పట్టించాలి, ఆనక మజ్జిగ.
అప్పటికీ రాత్రి పిల్లోడు ఏడిస్తే
వేళ్లతో కళ్లు తుడవకూడదు,
మోచేతి మడతతో తుడవాలి.
"మా అమ్మ చెప్పింది. ఇది ఏ పొట్లంలో పడిందో చూడు."

ఏసుపాదం జేబులో వెతికాడు.
నిజంగానే వెతికాడు.

మర్నాడు మొదటి టిక్కీ కాటా మీద పడింది.
అంకెలు ఊగుతున్నాయి.
"పిల్లోడి కళ్లు మోచేతి మడతతో తుడవాలి,
తెలుసా?" అన్నాడు.
నాగుల్‌మీరా ఏదో అనబోయి కొక్కెం వైపు చూసుకున్నాడు.
నలభై కిలోల ఎనిమిదొందలు.
అంకె నిలబడి చాలాసేపైంది,
"రాసుకోండి" అని
ఎవరూ అనలేదు.