నాలుక మడత

మొదటి రోజే నన్ను 'బాతూ' అన్నాడు.
ముప్పై ఏళ్ళుగా బర్బాంక్‌లో నటుల నోళ్ళు దిద్దుతున్నాను,
ఎవరూ అలా పిలవలేదు.
మా గ్రిమ్స్‌బీలో అది మర్యాదే అన్నాడు,
బస్సు కండక్టరూ బాతే, మేయరుగారి భార్యా బాతే.

మెర్విన్ స్కెల్టన్. నలభై నాలుగేళ్ళు.
చేపల రేవులో ఐసు కొట్టే పనిలోంచి క్లబ్బుల్లోకి,
క్లబ్బుల్లోంచి
చలికాలం సగం దీపాలార్పేసే సముద్రపు వంతెన మీద
డెబ్భై కుర్చీల హాల్లోకి.
పదకొండు నిండేవట.
"జోకు సగంలో ఉండగా సెక్రటరీ మైకు లాక్కుని
పైలు వేడిగా వచ్చాయి, వరసలో నిలబడండి అనేవాడు.
జనం లేచిపోయేవాళ్ళు.
మొదటివాడు పై పట్టుకుని తిరిగొచ్చేదాకా
నేనక్కడే నిలబడి
మిగతా సగం చెప్పేవాణ్ణి."

ఇక్కడ దొరికింది
ఒహాయోలో మేకులూ సుత్తులూ అమ్మే షాపువాడి వేషం.
ఒహాయోని విమానం కిటికీలోంచి కూడా చూసినవాడు కాదు.
నెలన్నరలో అతని నోట్లో ఒహాయో పెట్టాలి నేను.

అలవాటు ప్రకారం ముందు టేపు తిప్పాను:
ఏదైనా మాట్లాడు, నీ ఊరి మాట.
కాడ్ ధర చెప్పాడు, హాడక్ ధర చెప్పాడు,
వాళ్ళమ్మ గ్రేవీ మీద పెద్ద ఫిర్యాదు చేశాడు,
ఎందుకో ఆగాడు. నాలుగు సెకన్లు.
"కుక్క కూడా లేచి వెళ్ళిపోయింది."
కుర్చీలోంచి జారిపోయేంత నవ్వాను.
నవ్వుతూనే పని మొదలుపెట్టాను.

'ర' దగ్గర మొదలు.
వాళ్ళు మాట చివర మింగేసే దాన్ని
మేం నాలుక మడిచి నములుతాం.
కారు, డోరు, వాటరు, ఫాదరు.
అద్దం ముందు, షవరు కింద, ఎర్ర లైటు దగ్గర,
నాలుక పుండు పడేదాకా.
ఆరో వారం పెట్రోలు బంకు కుర్రాడు
'మీది క్లీవ్‌లాండా సార్' అని అడిగాడని
అర్ధరాత్రి ఫోన్ చేసి ఏడ్చినంత పని చేశాడు.

ఆ తర్వాత ఏడు సీజన్లు.
ఫ్రీవే పక్కన ఇంటంత ముఖం,
కార్న్‌ఫ్లేక్స్ డబ్బా మీద అరచేతంత ముఖం.
ఎడిటింగ్ గదిలో ఒకమ్మాయి
అతను ఆగిన చోటల్లా కత్తెర పెట్టేది.
ఇరవై రెండు నిమిషాల కథలో
ఊపిరికి చోటిస్తే జనం ఛానెల్ మారుస్తారట.
నిజమే కావచ్చు, నేనూ మారుస్తాను.
అవార్డు రాత్రి వేదిక మీద
పుట్టినూరి యాసలో నాలుగు ముక్కలు మాట్లాడాడు.
హాలు పగలబడింది. ఎంత బాగా అనుకరించాడు!
చేతిలో బొమ్మని అటూ ఇటూ తిప్పి
థాంక్యూ అన్నాడు, ఒహాయోలో.

పోయిన మార్చిలో వచ్చాడు.
పైలు అమ్మిన ఆ క్లబ్బు మూసేస్తున్నారట.
చివరి రాత్రి అరగంట అతనిదేనట.
కుర్చీ అంచున కూర్చుని
"నాకు గ్రిమ్స్‌బీ నేర్పండి, మేడమ్" అన్నాడు.

మేడమ్.

సొరుగు అడుగున టేపు దొరికింది.
కాడ్, హాడక్. వెంట చెప్పాడు.
ప్రతి మాట చివరా 'ర' కూర్చునే ఉంది,
భోజనమైనా కదలని చుట్టంలా.
గ్రేవీ దగ్గర గొంతు కొంచెం దారికొచ్చింది.
నాలుగు సెకన్ల చోటొచ్చింది.
టేపు గరగరమంది, తన కుక్క సంగతి తాను చెప్పేసుకుంది.
అతను మాత్రం ఇంకా ఆగే ఉన్నాడు.
అయిదు. ఆరు. పక్కింట్లో గడ్డి కోసే మిషను ఆగింది.
తొమ్మిది.
నవ్వు ఆపుకోలేక నేను దగ్గాను.

ఫీజెంత అన్నాడు. ఎప్పుడూ ఇచ్చేదే అన్నాను.
కారు వెళ్ళిపోయాక చూశాను,
చెక్కు మీద నా పేరుండాల్సిన చోట
'బాతు'.
బ్యాంకువాళ్ళు తిప్పి పంపారు.
డబ్బు ఇంకా రావాలి.